జాతరకు చేసిన ఖైమా ఉండలు

బస్టాండు దగ్గర ఇల్లు దొరకడం అదృష్టమని మీరు అనుకుంటే అనుకోండి. హనుమకొండలో పూలమ్మ ముందు మాత్రం ఆ మాట అనకండి. అన్నవాళ్లను ఆమె పీట వేసి కూర్చోబెట్టి, చాయ్ పోసి, అది తాగడం అయ్యాక తిట్టేది. చాయ్ పోయకుండా మనిషిని తిట్టడం ఆమెకు చేతకాదు. ఆమె బతుకులో చిక్కంతా అక్కడే ఉంది.

పూలమ్మ పెనిమిటి ఎల్లస్వామి చౌరస్తాలో దర్జీ. మెడలో టేపు వేసుకుని పుట్టాడేమో అన్నట్టుండే మనిషి. మిషను ముందు కూర్చుంటే లేవడు, భార్య ముందు నిలబడితే మాట్లాడడు. వాళ్లకు ఒక్కతే బిడ్డ, నిర్మల. బస్టాండు వెనక రెండర్రల పెంకుటిల్లు. కండక్టర్ విజిల్ వేస్తే వాళ్ల వంటింట్లో వినపడేది. ఇంకేముంది, జనగామ దిక్కు చుట్టాలకు ఆ ఇల్లు రెండో బస్టాండయింది. దవాఖానకు వచ్చినవాళ్లు, కోర్టు పేషీకి వచ్చినవాళ్లు, పిల్లను కాలేజీలో వేయడానికి వచ్చినవాళ్లు, ఏ పనీ లేక ఊరికే వచ్చినవాళ్లు అందరూ అక్కడ దిగేవాళ్లు. అందరికంటే ఎక్కువ తినేది ఆ ఊరికే వచ్చినవాళ్లే.

వాళ్లు ఊరికే ఎందుకొచ్చేవాళ్లో చెప్పనా? పూలమ్మ చేసే ఖైమా ఉండల కోసం. మొగిలి దుకాణంలో మాంసాన్ని దగ్గర నిలబడి కత్తితో సన్నగా కొట్టించేది. మొగిలి విసుక్కున్నా వదిలేది కాదు. దాంట్లో పుట్నాల పొడి, ఉల్లిగడ్డ, అల్లం ఎల్లిపాయ ముద్ద, పచ్చిమిర్చి, కొత్తిమీర వేసి, రోట్లో ఇంకోసారి నూరి, చేతికి నూనె రాసుకుని నిమ్మకాయంత ఉండలు కట్టేది. ఆ ఉండ పులుసులో ఉడికినా విరగదు, నోట్లో పెట్టుకుంటే మాత్రం నిలవదు. అటువంటి చేయి ఉన్న మనిషి బస్టాండు పక్కన ఇల్లు తీసుకోవడం ఆమె తప్పే అంటాను నేను.

రోజూ వచ్చేవాళ్ల సంగతి అలా ఉంచండి. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర వస్తుంది కదా, అప్పుడు చూడాలి తమాషా. లోకమంతా సమ్మక్క సారలమ్మలను చూడటానికి పోతుంది. పూలమ్మ చుట్టాలంతా పూలమ్మ ఇంటి మీదుగా పోతారు. పోయేటప్పుడు ఒక పూట తింటారు, వచ్చేటప్పుడు ఒక పూట తింటారు. ఒక గుంపు చేతులు కడుగుతుంటే ఇంకో గుంపు చెప్పులు విడుస్తుంటుంది. జాతర నడిచినన్నాళ్లూ ఆమె పొయ్యి ఆరేది కాదు. అడవిలో తల్లి గద్దె మీదికి వచ్చే వేళకు పూలమ్మ ఇక్కడ పొయ్యి ఊదుతూ ఉండేది.

ఇందులో నవ్వులాట కాని సంగతి ఒకటుంది. అందరికంటే ముందు మేడారం పోవలసిన మనిషి ఆమే.

నిర్మల నాలుగేళ్ల పిల్లగా ఉన్నప్పుడు జ్వరం పట్టుకుని వదల్లేదు. దవాఖానలో డాక్టరు తల అడ్డంగా ఊపి పోయాడు. పూలమ్మ వరండాలోకి వచ్చింది. మేడారం ఏ దిక్కున ఉందో ఆమెకు తెలియదు. అందుకని నాలుగు దిక్కులకూ తిరిగి మొక్కింది. "తల్లీ, నా బిడ్డ లేచి కూసుంటే దాని ఎత్తు బంగారం నా చేతులతోని నీ గద్దె మీద పోస్త" అంది. మేడారంలో బంగారమంటే బెల్లమే. తెల్లారి పిల్ల లేచి కూర్చుని అన్నం అడిగింది.

అప్పుడు నిర్మల ఎత్తు బెల్లమంటే ఒక గంపెడు. చంకన పెట్టుకుని పోయి పోసి రావచ్చు. కానీ ఆ జాతరకు చుట్టాలొచ్చారు. తర్వాతి జాతరకూ వచ్చారు. ఆ తర్వాతా వచ్చారు. నిర్మల సుబ్బరంగా తిని సుబ్బరంగా పెరిగింది, దాంతోపాటు మొక్కూ పెరిగింది. డిగ్రీలో చేరేనాటికి ఆ పిల్ల రెండోసారి అన్నం పెట్టుకుంటుంటే పూలమ్మ గుండె జారిపోయేది. "జర ఆగవే, నువ్వు తిన్నదంతా మల్ల నేనే మొయ్యాలె" అనేది.

ప్రతి జాతరకూ చుట్టాల గుంపుకు ముందు నడిచి వచ్చేది ఎల్లస్వామి అక్క యాకమ్మ. పూలమ్మకు వదినె. పెద్ద గొంతు, పెద్ద చెయ్యి, నొసట రూపాయంత బొట్టు. వచ్చీరాగానే వాకిట్లో మంచం వాల్చుకుని కూర్చునేది. తినేది, మళ్లీ వేయించుకునేది, అదీ అయ్యాక "ఉప్పు తక్కువైంది పూలవ్వా" అనేది. ఉప్పు ఎంత వేసినా యాకమ్మకు తక్కువే. ఒకసారి పూలమ్మ మొండికేసి పిడికెడు ఎక్కువ వేస్తే మిగతా అందరూ బిందెలు బిందెలు నీళ్లు తాగారు, యాకమ్మకు మాత్రం అప్పుడూ తక్కువే అయింది. పోయేటప్పుడు ఒక్కటే మాట అనేది: "మేం పొయ్యొస్తం. నీ మొక్కు ఏడికి పోతది? వచ్చే జాతరకు పోదువు తియ్యి."

ఆరు జాతరలు ఆ మాట విన్నది పూలమ్మ. ఏడోది ఎనభై ఆరులో వచ్చింది. అప్పటికి నిర్మలకు కరీంనగర్ నుంచి సంబంధం కుదిరేటట్టుంది. పెండ్లయిందంటే పిల్ల ఇంకో ఇంటి మనిషి. "అత్తగారింటి పిల్లను పట్టుకొచ్చి కాంటా ఎక్కించి బెల్లం తూస్తనా నేను? మొక్కు తీరకుంట బిడ్డను ఎట్ల తోలియ్యాలె?" అని ఎల్లస్వామిని అడిగింది. ఎల్లస్వామి సూదిలో దారం ఎక్కిస్తూ ఊఁ అన్నాడు. ఈసారి పోకపోతే ఇంక పోవడం లేదని ఆమెకు తెలిసిపోయింది.

అయితే ఈసారి ఆమె దగ్గర ఒక ఫ్రిజ్జు ఉంది.

ఆ ఫ్రిజ్జు కథ కూడా వినండి. ఎల్లస్వామి దగ్గర బట్టలు కుట్టించుకునే ఇంజనీరు సారు ఒకాయన బదిలీ మీద పోతూ పాత ఫ్రిజ్జును చవకగా ఇచ్చేశాడు. తోపుడు బండి మీద అది వచ్చిన రోజు వాడకట్టంతా వెనక నడిచింది. పూలమ్మ దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. అది గుర్రుమన్నది. ఎల్లస్వామి మిగిలిపోయిన ప్యాంటు ముక్కలు అతికి, అంచుకు కుచ్చులు పెట్టి, దానికొక అంగీ కుట్టాడు. ఆ ఇంట్లో ఫ్రిజ్జుకున్నంత మంచి అంగీ ఎల్లస్వామికి లేదు.

అప్పటి ఫ్రిజ్జులకు బీరువాకున్నట్టు తాళం ఉండేది. తలుపు తీస్తే లోపల లైటు వెలుగుతుందని వాడకట్టు పిల్లలు వచ్చి తీయడం, మూయడం, మళ్లీ తీయడం. ఎవరింట్లో షర్బత్ చేసినా ఐసు కోసం గిన్నె పట్టుకుని పూలమ్మ గుమ్మంలో నిలబడటం. ఈ బాధ పడలేక ఆమె తలుపు మూసినప్పుడల్లా తాళం తిప్పి, చెవిని బొడ్లో సంచిలో దోపుకునేది. కొన్నాళ్లకు ఆ పని ఆమె చేయడం మానేసింది, ఆమె చెయ్యే చేసుకునేది. ఇది గుర్తుంచుకోండి.

ఇక ఎల్లస్వామికి ఫ్రిజ్జంటే మహా జాలి. "మిషన్ అన్నంక జర దమ్ము తీసుకోవాలె. నా కుట్టుమిషన్‌కు నేను రెస్టు ఇస్తలేనా?" అని మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడల్లా స్విచ్చు బంద్ చేసి పోయేవాడు. పాలెందుకు విరుగుతున్నాయో పూలమ్మకు చాలా రోజులు అంతుపట్టలేదు. పట్టిన రోజున ఆయనను నిలబెట్టి కడిగేసింది. చివరికి సమ్మక్క మీద ఒట్టు వేయించుకుంది, స్విచ్చు జోలికి పోనని.

ఒకసారి మిగిలిన ఖైమా ఉండలను ఫ్రిజ్జు పైఅరలో, ఐసు గడ్డకట్టే చోట పెట్టి మరిచిపోయింది. వారం తర్వాత చూస్తే గోలీకాయల్లా టంగుమంటున్నాయి. పారేయడానికి చెయ్యి రాలేదు. పులుసులో వేసి మరిగించి, ఏమీ ఎరగనట్టు ఎల్లస్వామికి వడ్డించింది. ఆయన కంచం నాకినంత పని చేసి, "ఇయ్యాల మొగిలి మంచి మాంసం ఇచ్చిండు" అన్నాడు. పూలమ్మ పెరట్లోకి పోయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. వారం ముందు చేసిన ఉండలు ఇట్లా ఉంటే, తాను ఇంట్లో లేకున్నా చుట్టాలు తినొచ్చు కదా!

జాతరకు ముందు ఐతారం నాడు మొగిలి దుకాణంలో మాంసం సగం పూలమ్మే కొన్నది. పక్కింటి సమ్మమ్మ వచ్చి ఉల్లిగడ్డలు తరిగింది. సమ్మమ్మ పూలమ్మకంటే చిన్నది, నోటికి మాత్రం పెద్దది. "ఏమక్కా, ఫ్రిజ్జును నమ్ముకోని ఆడబిడ్డను గెలుస్తానంటవు!" అని ఆటపట్టించింది.

మొదటి వాయి పాడైంది. పచ్చి ఉండలను డబ్బాలో ఒకదాని మీద ఒకటి పోసి పైఅరలో పెడితే తెల్లారికి అన్నీ కలిసి ఒక బండరాయైంది. నిర్మల రోకలి తెచ్చింది. మూడు దెబ్బలకు డబ్బాకు సొట్టపడింది గానీ ఉండ విడిపోలేదు. పూలమ్మ నెత్తికి చేయి పెట్టుకుని కాసేపు కూర్చుని, వడియాలు గుర్తొచ్చి లేచింది. వడియాలను ముందు విడివిడిగా పరిచి, ఎండినంక కదా డబ్బాలో పోస్తాం! మిగిలిన ఖైమాతో రెండో వాయి ఉండలు కట్టి, వాటిని ఉప్పునీళ్లలో సగం ఉడికించి, చల్లార్చి, పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పేర్చి పైఅరలో పెట్టింది. గట్టిపడ్డాక డబ్బాలో పోసింది. డబ్బా ఊపితే గలగలమన్నాయి. ఆ చప్పుడు విని ఆమె ముఖంలో వచ్చిన వెలుగు నిర్మల ఎప్పుడూ చూడలేదు.

మొగుడికి చిలకకు చెప్పినట్టు చెప్పింది. "ఇగో, నిర్మల నాయినా, ఇటు సూడు. చింతపులుసు కాగపెట్టి ఏస్తే పులుసైతది. నూనెల ఉల్లిగడ్డ ఏంచి ఏస్తే ఏపుడైతది. గోంగూరల ఏస్తే గోంగూర కూరైతది. బగారన్నంల ఏస్తే మీ అక్క నీళ్ల లోటా పక్కకు పెట్టి మరీ తింటది. ఏ గుంపుకు ఏది కావాల్నంటే అది. ఉండలు మాత్రం అవే. సమజైందా?"

"ఐంది. పులుసు, ఏపుడు, గోంగూర, బగారా" అని ఎల్లస్వామి జేబు కొలతల్లా అప్పజెప్పాడు.

"స్విచ్చు?"

"తల్లి మీద ఒట్టేసిన గద."

"ఎప్పటియి అని అక్క అడిగితే?"

ఎల్లస్వామి ఆలోచించాడు. "తిన్నంక చెప్త" అన్నాడు. ఆయనకు పూర్తిగా తెలివి లేదని అనడానికి లేదు.

బుధవారం పొద్దున కిరాణా దుకాణం కాంటాకు ఒక దిక్కు నిర్మల కూర్చుంది, ఇంకో దిక్కు బెల్లం. షావుకారు బెల్లం వేస్తూనే ఉన్నాడు, నిర్మల సిగ్గుతో తల వంచుకునే ఉంది. సమ్మమ్మ చుట్టూ తిరుగుతూ "ఇంకో ముద్ద, ఇంకో ముద్ద" అంటూ నవ్వుతూనే ఉంది. దాన్ని మూటలు కట్టారు. తల్లీబిడ్డల వెంట సమ్మమ్మ కూడా బయలుదేరింది, ఆమె మొగుడు ముందురోజే పోయి మేడారంలో చెట్టు కింద జాగా పట్టాడు. బస్సు పిలుస్తోంది. పూలమ్మ చివరిసారి ఫ్రిజ్జు తెరిచి, డబ్బా ఊపి, ఆ గలగల విని, తలుపు మూసి, బస్సుకు పరుగెత్తింది. తలుపు మూశాక చెయ్యి ఏం చేసిందో ఆమె చూడలేదు.

మేడారంలో పూలమ్మ చిన్నపిల్ల అయిపోయింది. జంపన్నవాగులో మునిగి, మళ్లీ మునిగి, నిర్మల మీద నీళ్లు చల్లింది. ఎక్కడ చూసినా జనం, బండ్లు, ఎడ్లు, కోళ్లు, డప్పులు, పసుపు. ఎవరో వండిపెడితే తినడం ఆమెకు కొత్త. సమ్మమ్మ మొగుడు మూడు రాళ్ల పొయ్యి మీద చేసిన మాడుకూరను "ఎంత బాగుంది!" అని తిన్నది. సమ్మమ్మ ముక్కు మీద వేలేసుకుంది. బుధవారం సారలమ్మ వచ్చింది. బేస్తవారం సాయంత్రం సమ్మక్క చిలుకలగుట్ట దిగి వస్తుంది. ఆ తల్లి వచ్చాకే పూలమ్మ మొక్కు.

బేస్తవారం మధ్యాహ్నం, తల్లి వచ్చేటప్పుడు గాల్లోకి ఎగరేసే ఎదురుకోళ్లు అమ్మేవాడికి పైసలివ్వడానికి బొడ్లో సంచి విప్పింది. పైసలతోపాటు తాళంచెవి చేతిలోకి వచ్చింది.

కొన్న కోడి పూలమ్మ చేతిలోంచి జారి జనంలోకి పరుగెత్తింది. "ఓ నా తల్లీ!" అని అక్కడే కూలబడింది. ఆమె కళ్లకు మేడారం కనపడటం మానేసింది, తన ఇంటి వాకిలి కనపడింది. మంచం మీద యాకమ్మ, చుట్టూ ఇరవైమంది, తాళం వేసిన ఫ్రిజ్జు ముందు టేపు మెడలో వేసుకుని దిక్కులు చూస్తున్న ఎల్లస్వామి. చుట్టాలు నిన్నటి నుంచి పస్తులున్నారు. ఊరూరా చెప్పుకుంటారు. కూరకు తాళం పెట్టి జాతరకు పోయిందట, ఎంత పెద్ద మనసు మహాతల్లిది అంటారు. పూలమ్మ చెంపలు వాయించుకుంది.

"నేను పోతాన" అంది లేచి. "మీరు ఉండుండ్రి. నిర్మలా, బంగారం నువ్వు పోసెయ్యి తల్లికి."

"మొక్కుకున్నది నేనా అవ్వా?" అంది నిర్మల. "నీ చేతులతోని పోస్తనన్నవు. నా ఎత్తు బెల్లం నేనే పోసుకుంటే తల్లి నవ్వదా?"

"ఇంకో రెండు గడియలల్ల సమ్మక్క వస్తాంది అక్కా" అంది సమ్మమ్మ. ఈసారి ఆమె నవ్వలేదు. "పద్నాలుగేండ్లు ఆగినవు. జర ఆగు."

పూలమ్మ వినలేదు. కొంగు బిగించి, జనానికి ఎదురు నడిచింది. జనమంతా గద్దెల దిక్కు వస్తుంటే ఆమె ఒక్కతే బస్సుల దిక్కు పోతోంది. భుజాలు తగులుతున్నాయి. "ఎటు పోతానవమ్మా, గద్దెలు ఇటు" అని దారి చూపినవాళ్లే అందరూ. ఏడుపు వస్తోంది ఆమెకు, కోపం వస్తోంది. యాకమ్మ మీద, ఫ్రిజ్జు మీద, అందరికంటే ఎక్కువ తన చెయ్యి మీద.

హనుమకొండ బస్సు అప్పుడే వచ్చి ఆగింది. నిండా జనం. అందరూ దిగేదాకా పూలమ్మ మెట్టు పక్కన నిలబడింది. చిట్టచివరకు ఒక ముసలామె దిగలేక దిగుతుంటే చెయ్యి పట్టి దించింది. బస్సు ఖాళీ అయిపోయింది. తల్లి రాకముందు మేడారం నుంచి వెనక్కి పోయేవాళ్లు ఎవరుంటారు?

"ఎక్కుతవా ఏంది?" అన్నాడు కండక్టర్, వింతగా చూసి. "పానం బాగలేదా?"

"బాగానే ఉంది."

"మరి ఇంట్ల ఎవలకన్న ఏమన్న అయిందా?"

పూలమ్మ నోరు తెరిచింది. చెప్పాలి కదా ఏదో ఒకటి. "ఖైమా ఉండలు ఫ్రిజ్జుల పెట్టి తాళమేసి వచ్చిన" అంది.

కండక్టర్ ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత డ్రైవర్ ముఖంలోకి చూశాడు. ఇద్దరూ ఒక్కసారే పకపకా నవ్వారు. డ్రైవర్ స్టీరింగు మీద తల పెట్టుకుని మరీ నవ్వాడు. పూలమ్మకు ఒళ్లు మండిపోయింది. కానీ ఆ మాట తన చెవులకు కూడా వినపడింది కదా. మనసులో ఉన్నంతసేపు కొండంత ఉన్న సంగతి బయటికి వచ్చేసరికి గుప్పెడంతే ఉంది.

ముసలామె మాత్రం నవ్వలేదు. పూలమ్మ చెయ్యి ఇంకా వదల్లేదు. "ఫ్రిజ్జంటే సల్లని పెట్టె గదా బిడ్డా? మా సర్పంచ్ ఇంట్ల సూసిన. దాంట్ల పెట్టిన ఉండలు ఏడికి పోవు. తల్లి పోతది. శనివారం మల్ల అడివిలకు పోతది" అంది. "నాకు మోకాళ్లు వంగవు. జర గద్దె దాక తోలుకపో."

పూలమ్మ కండక్టర్ వైపు చూసింది, బస్సు వైపు చూసింది. తాళంచెవిని బొడ్లో దోపుకుంది. ముసలామె చెయ్యి గట్టిగా పట్టుకుని జనంతోపాటు నడిచింది. ఈసారి ఎవరి భుజమూ అడ్డం రాలేదు.

పొద్దు గూకే వేళకు చిలుకలగుట్ట దిక్కు తల్లికి మర్యాదగా తుపాకీ పేలింది. జనమంతా ఒక్క గొంతుతో కేక పెట్టారు. కుంకుమ భరిణె రూపంలో తల్లి వస్తుంటే దారి పొడుగునా పూనకం వచ్చిన శివసత్తులు ఊగుతున్నారు, కోళ్లు గాల్లోకి ఎగురుతున్నాయి. పూలమ్మకు భరిణె కనపడలేదు, పూజారుల తలలే కనపడ్డాయి. అయినా చూశాననే అంటుంది ఇప్పటికీ, మనం కాదనడం ఎందుకు? తెల్లారి గద్దె దగ్గర నిర్మల ఎత్తు బంగారాన్ని మూటలు విప్పి తన చేతులతోనే పోసింది. ఏమేం అడగాలో దారంతా అనుకుంటూ వచ్చిన మనిషి అక్కడ అన్నీ మరిచిపోయి, "వచ్చిన తల్లీ, లేటైంది" అని మాత్రం అన్నది. బాగా ఏడ్చింది. ఏడ్చినంక ఆకలైంది.

శనివారం మధ్యాహ్నం హనుమకొండలో దిగితే కాళ్లు ముందుకు పడలేదు. "నువ్వు ముందు పో" అని నిర్మలను తోసింది. నిర్మల "నీ చుట్టాలు, నువ్వే ముందు పో" అని వెనక్కి తోసింది. వాకిట్లో మంచం మీద యాకమ్మ లేదు. ఎవరెవరో కొత్త చుట్టాలు ఆకుల ముందు కూర్చున్నారు. గడపలో ఎల్లస్వామి ఉల్లిగడ్డలు కోస్తూ కన్నీళ్లు కారుస్తున్నాడు. పూలమ్మను చూసి లేచాడు. ఆమె బొడ్లోంచి తాళంచెవి తీసి చూపించింది.

"నీ దగ్గరనే ఉన్నదా?" అన్నాడు. "ఇల్లంత ఎతికినం. అక్కైతే తాళం పలగ్గొట్టుమన్నది. నేనే వద్దన్న."

"ఎందుకొద్దన్నవు? నాలుగు గుద్దులు గుద్దితే పోయేది కదా!"

"నువ్వు తాళమేసినవంటే ఏదో మతలబు ఉంటదనుకున్న" అన్నాడు ఎల్లస్వామి.

ఇటువంటి మొగుణ్ని ఏమనాలో పూలమ్మకు తెలియలేదు, నాకూ తెలియదు. "మరి వీళ్లకు ఎవలు వండుతాండ్లు?" అని అడిగింది. ఆయన ఉల్లిగడ్డ ఉన్న చేత్తో వంటింటి దిక్కు చూపించాడు.

లోపల పొగలో యాకమ్మ ఉంది. కళ్లు మంకెన పూలలా ఎర్రగా ఉన్నాయి, జుట్టులో బూడిద, రూపాయంత బొట్టు చెమటకు కారి ముక్కు దాకా వచ్చింది. బుధవారం ఎల్లస్వామి వండిన అన్నం అడుగంటితే, తమ్ముణ్ని తిట్టుకుంటూ లేచి పొయ్యి ముందుకు వచ్చిందట. ఆ పూట పప్పూ పచ్చిపులుసూ చేసింది. తమ గుంపు బయలుదేరేసరికి ఇంకో గుంపు చెప్పులు విడిచింది. వాళ్ల తర్వాత ఇంకొకటి.

"వచ్చినవా తల్లీ!" అంది యాకమ్మ ఊదుబుర్ర కింద పడేసి. "ఇదేం పొయ్యే, ఇదేం పొగనే! ఊదంగ ఊదంగ నా ఊపిరి ఆడికే పోయింది. ఒకడు పప్పులకు మిరపకాయ లేదంటడు, ఒకడు ఉప్పు తక్కువంటడు. తిన్నోడు తిన్నట్టు ఉండడాయె!"

"నువ్వు మేడారం పోలేదా వదినె?"

"నేను పోతే వీళ్లకు ఎవలు పెట్టాలె? ఈడు పెడతడా?" అంది యాకమ్మ తమ్ముడి దిక్కు చెయ్యి విసిరి. "తియ్యి, ఏమాయె. వచ్చే జాతరకు..."

ఆమె ఆ మాట పూర్తి చేయలేదు. పూలమ్మ ముఖంలోకి చూసింది, వెంటనే పొయ్యి దిక్కు తిరిగి లేని మంటను ఎగదోసింది. పద్నాలుగేళ్లుగా పూలమ్మ మనసులో ఈ ఆడబిడ్డను అడగాలని దాచిపెట్టుకున్న మాటలు ఒక డబ్బాడు ఉన్నాయి. అన్నీ సరిగ్గా ఆ గడియకే పనికొచ్చేవి. ఒక్కటీ నోటికి రాలేదు. యాకమ్మ వీపు మీద రవికె చెమటకు అతుక్కుని ఉంది. అది చూస్తే తన వీపే తనకు కనపడినట్టయింది.

పూలమ్మ మేడారం బంగారం ముక్కను వదినె చేతిలో పెట్టి, భుజం పట్టి లేపింది. "ఇగ లే. మంచం మీద కూసో పో" అంది.

ఫ్రిజ్జు తాళం తీసింది. కరెంటు వచ్చిపోతూనే ఉన్నా, ఎవరూ తలుపు తీయలేదు కాబట్టి డబ్బా ఇంకా గలగలమన్నది. చింతపులుసు మరిగించి ఉండలు వేసింది. ఇంకో పొయ్యి మీద ఉల్లిగడ్డ వేయించి కొన్ని వేపుడు చేసింది. ఆకుల ముందు కూర్చున్నవాళ్లు మెడలు చాచారు. పూలమ్మ వాళ్లను దాటి పోయి మొదటి కంచం యాకమ్మకు ఇచ్చింది.

యాకమ్మ ఉండను వేలితో నొక్కి చూసింది. "ఎప్పటియే ఇవి?"

"పోయిన సోమారం చేసినయి."

ఎల్లస్వామి కత్తిపీట వదిలేసి గోడకు ఆనుకున్నాడు. యాకమ్మ ఉండ సగం విరిచి నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని నమిలింది. కంచం ఖాళీ అయ్యేదాకా తల ఎత్తలేదు. ఇంకో రెండు వేయించుకుంది. అవీ అయిపోయాయి.

"ఉప్పు ఎట్లున్నది వదినె?" అని అడిగింది పూలమ్మ.

యాకమ్మ కంచానికి అంటిన పులుసును వేలితో తుడిచి నాకింది. "సరిపోయింది" అంది.

తర్వాతి జాతరకు పూలమ్మ, యాకమ్మ, కరీంనగర్ నుంచి వచ్చిన నిర్మల, ముగ్గురూ కలిసి మేడారం బస్సెక్కారు. ఫ్రిజ్జులో ఈసారి రెండు డబ్బాల ఉండలున్నాయి. ఫ్రిజ్జు అంగీకి ఎల్లస్వామి ముందు దిక్కున ఒక జేబు కుట్టాడు, తాళంచెవి అందులో పెట్టుకోవడానికి. బస్సు కదిలేదాకా యాకమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి తమ్ముడికి అరుస్తూనే ఉంది: "పులుసు, ఏపుడు, గోంగూర, బగారా! మరువకురా!" ఆ నాలుగు రోజులూ ఫ్రిజ్జుకు రెస్టు లేదు, ఎల్లస్వామికీ లేదు.